నేను పెట్టింది పూలు మాత్రమే

ఆళ్లగడ్డ
గురువారం పొద్దున

నంద్యాలలో బండల అంగడి శేషయ్య గారి ఇల్లాలు జయలక్ష్మమ్మ గారికి, మీ ఇంటి వెనక గదిలో బాడుగకుండే మద్దిలేటి తల్లి నరసమ్మ చేతులు జోడించి రాసే జాబు. ఇక్కడ మేమంతా బాగున్నామని రాయాలి కాబట్టి రాస్తున్నాను. బాగున్నామో లేదో రేపటికి గానీ తెలియదు.

నా చదువు రెండో తరగతితో ఆగింది. తప్పులుంటే మీరే మనసులో దిద్దుకోండి, మా వాడికి చూపించకండి. జిన్నింగు మిల్లులో గుమాస్తా కదా, తల్లి రాత చూస్తే సిగ్గుపడతాడు.

సంగతేమంటే, ఈ ఏడు మా పెరట్లో బొండుమల్లె విరగబూసింది. పందిరి కింద నిలబడితే ఆకు కనపడదు. సాయంత్రం నీళ్లు పోస్తే ముందు తడిమట్టి వాసన లేస్తుంది, దాని వెనకే మల్లె వాసన, ఆ వెనక మూలనున్న సంపంగి. ఆ వేళకు నేను పని ఉన్నా లేకపోయినా చెంబు పట్టుకుని పెరట్లోనే తిరుగుతుంటాను. కానీ ఇన్ని పూలు పూస్తే పెట్టుకునేవాళ్లు ఇంట్లో లేరు. పెద్దకోడలు పద్మమ్మ కాన్పుకు పుట్టినూరు జూపాడు బంగళాకు పోయింది. ఇక్కడుండేది మా పెద్దవాడు పుల్లయ్య, వాని మొగపిల్లలు. నేను పెట్టుకునేదాన్ని కాను. మొన్న పుల్లయ్య ఒక దండ తీసుకుపోయి ఎద్దు కొమ్ములకు చుట్టినాడు. అది ఒకటే తల ఊపింది. దానికి తలనొప్పి వచ్చిందేమోనని నాకు బెంగ.

మీ ఇంట్లో ఎదిగిన ఆడపిల్ల ఉందని మా వాడు ఎప్పుడో ఒక మాట అన్నాడు. అందుకని రేపటి నుంచి శుక్రవారం శుక్రవారం తొలి బస్సులో కండక్టరు ఖాదర్ బాషా చేత పూలబుట్ట పంపుతాను. బస్టాండులో ఎవరైనా తీసుకుంటే చాలు. పొద్దున్నే మొగ్గలు కోసి, అరిటాకులో చుట్టి, తడిగుడ్డ కప్పుతాను. సాయంత్రానికి మీ ఇంట్లోనే విచ్చుకుంటాయి. మీ అమ్మాయి తలలో పెట్టుకుంటే నాకు కడుపు నిండినట్టుంటుంది.

కాగితం అయిపోయింది గానీ బెంగ అయిపోలేదు.

నరసమ్మ

తా.క. మీ ఇంటి బావికి పిట్టగోడ ఉందా? మా వాడికి జలగండం ఉందని చిన్నప్పుడే చెప్పినారు. సంపంగి వాసనకు పాములొస్తాయంటారు, బుట్ట నేల మీద పెట్టకండి. ఉట్టి మీద పెట్టండి. ఉట్టి తాడు గట్టిగా ఉందో లేదో చూసుకోండి.

*

నంద్యాల
శనివారం

ఆళ్లగడ్డ నరసమ్మ గారికి జయలక్ష్మమ్మ నమస్కారాలు. క్షేమం మాటలు తర్వాత. ముందు విషయం.

మీ బుట్ట శుక్రవారమే వచ్చింది. కండక్టరు చెప్పి పంపితే మా ఆయన బస్టాండుకు పోయి తెచ్చినాడు. మీ ఉత్తరం ఈ పొద్దు వచ్చింది. పూలు ముందు, మాట తర్వాత.

బుట్ట వచ్చేసరికి నేను స్నానానికి పోయి ఉన్నాను. మా ప్రమీల తడిగుడ్డ తీసి, మొగ్గలు కట్టి, దండ జడలో పెట్టుకుని వీధరుగు మీద కూచుంది. నేను వచ్చి అరిటాకు ఎత్తి చూస్తే కింద ఏముందీ? టెంకాయ. పసుపు పొట్లం, కుంకుమ పొట్లం. ఆకూవక్క.

మీ వైపు ఎట్లో నాకు తెలియదు. మా వైపు మగపిల్లవాని ఇంటి నుంచి పూలు, పసుపు కుంకుమ, టెంకాయ వచ్చినాయంటే పిల్లను అడిగినట్టు. పిల్ల ఆ పూలు పెట్టుకుందంటే ఒప్పుకున్నట్టు. అడగదలుచుకుంటే ఒక పెద్దమనిషి రావాలి. మజ్జిగ తాగాలి. వానల గురించి మాట్లాడాలి. ఆ తర్వాత మెల్లగా అసలు మాట తీయాలి. మీరు మా పిల్లను బస్సు చేత అడిగించినారు.

పక్కింటి రామమ్మ చూడనే చూసింది. "ఏం జయమ్మా, మాకొక మాటన్నా చెప్పకుండా పిల్లకు పూలు పెట్టించినావే!" అంది. "ఎవరు పెట్టించినారు?" అన్నాను. "మరి ఆ టెంకాయ యాడిది?" అంది. "ఏందీ ఇది?" అని మా ఆయనను అడిగితే "టెంకాయ" అన్నాడు. ఆయన మాటలు అంతే.

మీరు మనవాళ్లే, కాదనను. పిల్లవాడూ నెమ్మదైనవాడే. అయినా పద్ధతి ఒకటుంటుంది కదా. మీ మనసులో ఏముందో తెలిసేటట్టు రాయండి.

జయలక్ష్మమ్మ (కోపంగా ఉన్నాను)

తా.క. బావికి నడుమెత్తు గోడ ఉంది. మీవాడు అందులో పడాలంటే నిచ్చెన వేసుకోవాలి.

ఇంకొక తా.క. కోపంలో ఉన్నా చెప్పవలసిన మాట ఒకటుంది. దీపాలు పెట్టే వేళకు ఇల్లంతా వాసన నిండిపోయింది. మా ఆయన కూడా "ఊఁ" అన్నాడు.

*

ఆళ్లగడ్డ
మంగళవారం

జయలక్ష్మమ్మ తల్లికి నరసమ్మ వంగి దండం పెట్టి రాసేది. మీ జాబు చదువుతూ పందిరి గుంజ పట్టుకున్నాను. గుంజ కదిలింది. ఇప్పుడు పందిరి పడిపోతుందేమోనని అదొక బెంగ.

అమ్మా, నేను పెట్టింది పూలు మాత్రమే. నాకు పసుపు కుంకుమలు పోయి చాలా ఏండ్లయింది. శుభం జరిగే ఇంట్లోకి నేను వెనక వాకిలి నుంచి పోతాను. అట్లాంటిదాన్ని, నా చేత్తో కుంకుమ పొట్లం కట్టి, పెండ్లీడు పిల్ల ఉన్న ఇంటికి పంపుతానా? మీ పిల్లకు దండ కూడా నా చేత్తో కట్టకూడదని విడి మొగ్గలు పంపినాను.

మీ జాబు అందిన సాయంత్రమే బస్సు వచ్చేదాకా కాచుకుని ఖాదర్ బాషాను పట్టుకున్నాను.

"ఖాదరూ, నా బుట్టలోకి టెంకాయ యాడ నుంచి వచ్చిందప్పా?"

"నాకేం తెల్సు పెద్దమ్మా? నీ బుట్ట నా కాళ్ల కాడనే పెట్టుకున్యా."

"దావలో ఎవరన్నా ముట్టుకున్నారేమో గ్యాపకం చేసుకో."

"అహోబిలం పోయొచ్చేటోళ్లు ఎక్కినారు. అందరి చేతుల్లోనూ టెంకాయలే."

"అద్దో! నేను అనుకుంటానే ఉండా!"

"టెంకాయకు కాళ్లుండవు పెద్దమ్మా, దిగి నీ బుట్టలోకి నడిచిపోయే దానికి. నా బస్సులో కోళ్లు మారినాయి, చెప్పులు మారినాయి గానీ బుట్ట ఎప్పుడూ మారలా."

చూడండమ్మా, ఒట్టు పెట్టినట్టు చెప్తున్నాడు. ఇంక నేను ఎవరిని అడగాలి?

మీ ప్రమీలను అడగాలని నాకు లేక కాదు. అడిగే మొగం లేక. మీది బండలు పరిచిన ఇల్లు, మాది మట్టి మెత్తిన ఇల్లు. వాడికి ముప్ఫై దగ్గర పడుతోంది. రెండు సంబంధాలు వచ్చినట్టే వచ్చి పోయినాయి. ఇప్పుడు ఈ టెంకాయ మాట పాకి, పిల్లను అడిగి మళ్లీ కాదన్నారని పేరొస్తే వాడికి ఇంకెవరూ పిల్లనివ్వరు. మీ పిల్ల పేరు కూడా వీధిలో పడుతుంది. నా పూల వల్ల ఇద్దరు పిల్లల బతుకు చెడితే నేను ఆ పందిరి కింద ఎట్లా నిలబడాలి? వాడిని గది ఖాళీ చేయమనకండి. వాడికి ఏమీ తెలియదు.

ఈ శుక్రవారం బుట్టకు గుడ్డ కప్పి, గోనెసూదితో చుట్టూ కుట్టి పంపుతాను. చీమ కూడా దూరదు. మీరే విప్పి చూసుకోండి.

మీ కోపం తగ్గాలని దేవుని కాడ దీపం పెట్టి,
నరసమ్మ

తా.క. ఆ టెంకాయ కొట్టకండి, ఎవరి మొక్కుబడిదో. కొట్టి ఉంటే తినకండి. తిని ఉంటే నాకు రాయకండి, నేను తట్టుకోలేను.

*

నంద్యాల
శనివారం

నరసమ్మ గారికి జయలక్ష్మమ్మ నమస్కారాలు. మీ ఆరోగ్యం బాగుందని తలుస్తాను, ఎందుకంటే ఈ ఉత్తరం చదవడానికి కొంచెం బలం కావాలి.

కుట్టిన బుట్ట వచ్చింది. మా ఆయన బేతంచెర్ల నుంచి వచ్చిన బండల లారీ దించుకుంటున్నాడు, అందుకని మీ మద్దిలేటే బస్టాండుకు పోయి తెచ్చి ఇచ్చి, మిల్లుకు పోయినాడు. నేను రామమ్మను సాక్షిగా ఎదురుగా కూచోబెట్టుకున్నాను. నల్లదారంతో ఎంత గట్టిగా కుట్టినారంటే కత్తిపీట కాడికి తెచ్చి కోయవలసి వచ్చింది. గుడ్డ తీసినాను. పూలు. ఆకు తీసినాను. ఆకుపచ్చ రవికె గుడ్డ, ఎర్రగాజులు.

రామమ్మ లేచి మూడిళ్లు తిరిగి వచ్చింది.

మీ చేతి సంగతి మీరు రాసింది చదివి నాకు సగం కోపం పోయింది, నిజం చెప్తున్నాను. పోయిన సగాన్ని ఈ రవికె గుడ్డ మళ్లీ తెచ్చిపెట్టింది. టెంకాయ పొరపాటున పడిందంటే నమ్మినాను. రవికె గుడ్డ తనంతట తానే మడత పెట్టుకుని పూల కింద పడుకుంటుందా? ఉత్తరంలో కాదంటారు, బుట్టలో ఔనంటారు. నేను ఎవరి మాట వినాలి, మీదా, బుట్టదా?

ఇంక మా పిల్ల. "ఆ గాజులు తీయవే" అంటే "సబ్బు పెట్టినా రావడంలా మా" అంటోంది. పోయి చూస్తే సబ్బు తడే కాలేదు. గాజులు మాత్రం ఆ చేతికి కొలిచి చేసినట్టున్నాయి.

నెలాఖరుకు బనగానపల్లె వాళ్లు పిల్లను చూడడానికి వస్తామని కబురు చేసినారు. వాళ్లొచ్చే వేళకు మా పిల్ల మీ పూలు, మీ గాజులు పెట్టుకుని తిరుగుతుంటే నేనేం చెప్పాలి? ఔనో కాదో ఒక్క మాట రాయండి. ఒక్కటే మాట. మీ ఉత్తరాలలో ఆ ఒక్కటి తప్ప అన్నీ ఉంటున్నాయి.

జయలక్ష్మమ్మ

తా.క. టెంకాయ పచ్చడి చేసినాను. మీవాడు అడిగి రెండోమారు వేయించుకున్నాడు. ఎవరికీ ఏమీ కాలేదు.

*

ఆళ్లగడ్డ
బుధవారం

జయలక్ష్మమ్మ తల్లికి నరసమ్మ భయపడుతూ రాసేది.

నల్లదారమా? అమ్మా, నేను కుట్టింది తెల్లదారంతో! పుల్లయ్య చూస్తుండగా కుట్టినాను. తెల్లదారం నల్లగా మారిందంటే ఇది మనుషులు చేసే పని కాదు. మా ఊళ్లో తాయెత్తులు కట్టే సైదా సాహెబు కాడికి పోయి ఒకటి కట్టించుకున్నాను. "యాడ నొప్పి పెద్దమ్మా?" అని అడిగినాడు. "నాకు కాదప్పా, బుట్టకు" అన్నాను. ఆయన నన్ను తేరిపార చూసి, ఒకటి నాకు, ఒకటి బుట్టకు కట్టినాడు.

ఇంక నా వల్ల కాదు. ఈ శుక్రవారం బుట్ట రాదు. పూలను చెట్టు మీదనే వదిలేసినాను. నిన్న సాయంత్రం అన్నీ ఒక్కసారిగా విచ్చుకుని, ఆ వాసన వీధిలోకి పోయి, దోవన పోయే వాళ్లు నిలబడి మా గోడ వైపు చూస్తున్నారు. ఎవరైనా వచ్చి ఏం సంగతని అడుగుతారేమోనని తలుపు మూసుకుని కూచున్నాను. తలుపు సందులోంచి వాసన వస్తూనే ఉంది.

ఒక్క మాట రాయమన్నారు. ఒక కాగితం మీద ఔను అని రాసినాను. చూస్తే, మట్టింటి వాళ్లకు ఎంత ఆశ అని మీరు నవ్వినట్టు తోచింది. చింపినాను. ఇంకొక దాని మీద కాదు అని రాసినాను. అదీ చింపినాను. పుల్లయ్య చూస్తున్నాడు.

"ఔనని రాసెయ్యరాదా మా?" అన్నాడు.

"నీకేం తెల్సురా?"

"నాకేం తెలీదు. ఆ పిల్ల మనింటికొస్తే మా ఎద్దుకైనా ఈ పూల బాధ తప్పుతాది."

ఇది మూడో కాగితం. దీంట్లో ఔనూ లేదు, కాదూ లేదు. ఒక్కటి మాత్రం రాస్తాను. మా వాడు వారానికొక జాబు రాస్తాడు. పొద్దున ఏం తిన్నాడో రాస్తాడు. మిల్లులో ఎంత పత్తి ఆడిందో రాస్తాడు. మీ ఇంటి మేక ఈనిందని, రెండూ పోతులేనని రాసినాడు. మీ ప్రమీల గురించి ఒక్క అక్షరం రాయడు. ఉన్న ఇంట్లో మేక సంగతి కూడా రాసేవాడు ఆ పిల్లను గురించి రాయలేదంటే, వాని మనసులో ఆమె ఎంత చోటు తీసుకుని కూచుందో తల్లికి తెలియదా?

ఇది నేను రాసినట్టు వాడికి చెప్పకండి. బనగానపల్లె వాళ్లు మంచివాళ్లయితే మీ పిల్ల సుఖపడుతుంది. నేను బాధపడను. పడినా మీకు రాయను.

నరసమ్మ

తా.క. శుక్రవారం ఏ బుట్ట వచ్చినా విప్పకండి. నేను పంపింది కాదు. కట్టెతో దూరంగా తోసేయండి.

*

నంద్యాల
ఆదివారం

నరసమ్మక్కకు జయలక్ష్మమ్మ రాసేది. గారు తీసేసినాను. ఎందుకో చదువుకుంటూ పోతే తెలుస్తుంది.

శుక్రవారం బస్సులో బుట్ట రాలేదు, నువ్వు చెప్పినట్టే. కానీ పన్నెండు గంటలప్పుడు మా వీధరుగు మీద బుట్ట ఉంది. పైన పూలు. నీవి కావు, బజారువి, వాసన సగమే. కింద చీర! మామిడిపండు రంగు, ఎర్ర అంచు. రామమ్మ ఇంక మూడిళ్లు తిరగలేదు. నడివీధిలో నిలబడి కేక వేసింది.

మధ్యాహ్నం అందరినీ అన్నానికి కూచోబెట్టి, గరిటె చేత్తో పట్టుకునే అడిగినాను. "ముందు ఆ టెంకాయ ఎవరు పెట్టినారో చెప్పండి. చెప్పినాకనే చారు."

మా ఆయన విస్తరి మీద నుంచి తల ఎత్తకుండా "నేనే" అన్నాడు.

"ఏందీ?"

"బస్టాండు కాడ కొన్యా. పసుపు కుంకుమ కూడా."

"ఎందుకు?"

"పిల్లోడు మంచోడు. ఆయమ్మ భయపడి అడగదు. నువ్వేమో, వాళ్లే వచ్చి అడగాలని గడప దాటవు. మీరిద్దరూ ఇట్లే ఉంటే నేను బండలు లెక్కపెట్టుకుంటా ముసలోన్నయిపోవాల్నా? చారు పొయ్యి."

అక్కా, పెండ్లయినప్పటి నుంచి ఆయన ఒక్క విడతలో అన్ని మాటలు మాట్లాడడం నేను విన్లేదు. చారు పోసినాను.

ఈలోపల మీ మద్దిలేటికి పొలమారింది. వాని వైపు తిరిగినాను.

"మా అమ్మే టెంకాయ పంపిందనుకున్యా అత్తా" అన్నాడు. అంతవరకు నన్ను అమ్మా అని పిలిచేవాడు. ఆ అత్తా అనే మాట ఎట్లా జారిందో వానికే తెలియలేదు. "ఆమెకు బెంగపడే హడావిడిలో సామాన్లు గుర్తుండవు. రవికె గుడ్డ మరిచిపోయిందేమోనని నేనే కొని పెట్టినా." కుట్టు విప్పి, బస్టాండు ఎదురుగా గోనెసంచులు కుట్టే ఆయన చేత మళ్లీ కుట్టించినాడట. ఆయన కాడ ఉండేది నల్లదారమేనట. నీ బుట్టకు కట్టిన తాయెత్తు విప్పేసుకో.

"సరే నాయనా, గాజుల కొలత నీకెట్ల తెలిసింది?" అన్నాను. వాడు గోడ వైపు చూసినాడు. మా ప్రమీల కూడా అదే గోడ వైపు చూసింది. నేను కూడా చూసినాను. గోడ మీద ఏమీ లేదు.

చీర మాత్రం ఇద్దరూ పెట్టలేదంటున్నారు. దేవునికే తెలియాలి.

ఇంక విను. వచ్చే శుక్రవారం నువ్వు రావాలి. దీపాలు పెట్టే వేళ మంచిదన్నారు. మా పిల్లకు నీ చేత్తో పూలు పెట్టాలి. వద్దంటావని తెలుసు. రామమ్మ కూడా "ముత్తైదువలు పెట్టాల గదా" అంది. "ఆ పూలు నీ పెరట్లో పూసినాయా?" అంటే నోరు మూసుకుంది. శుభం జరిగే ఇంట్లోకి వెనక వాకిలి నుంచి పోతానని రాసినావు. మా ఇంటి వెనక వాకిలికి నీ కొడుకు మంచం అడ్డం వేసుకుని పడుకుంటాడు. అందుకని ముందు వాకిలి నుంచే రావాలి. వేరే దారి లేదు.

నీ కాగితం కోసం కాదు, నీ కోసం కాచుకుని ఉండే
జయలక్ష్మమ్మ

తా.క. బనగానపల్లె వాళ్లకు రావద్దని కబురు పెట్టినాను. "పిల్లను ఎవరు అడిగినారు?" అంటే "ఆళ్లగడ్డ బస్సు" అన్నానని చెప్పమన్నాను.

*

ఆళ్లగడ్డ
శనివారం

నా వదిన జయలక్ష్మమ్మకు నరసమ్మ సంతోషంగా రాసేది. సంతోషంగా అని రాసినాను గానీ, ఇంత సంతోషం మంచిదేనా అని కొంచెం అనుమానంగానూ ఉంది.

నిన్న మీ ఇంట్లో జనం మధ్య నీతో ఏమీ మాట్లాడలేకపోయినాను. ఇప్పుడు అన్నీ రాస్తాను.

బస్సెక్కగానే ఖాదర్ బాషా నవ్వినాడు. "పెద్దమ్మా, ఈసారి టిక్కెట్టు నీకు కొట్టాల్నా, బుట్టకు కొట్టాల్నా?" అన్నాడు. బుట్టను ఒళ్లో పెట్టుకుని, రెండు చేతులూ దాని మీద వేసి, నంద్యాల దాకా రెప్ప వేయలేదు. సిరివెళ్ల కాడ ఒకాయన నా పక్కన టెంకాయల సంచి పెట్టబోతే "దూరం జరుగు నాయనా" అన్నాను. ఆయన నేనేదో జబ్బు మనిషిననుకుని వెనక సీటుకు పోయినాడు.

మీ ముందు వాకిలి కాడికి వచ్చినాక కాలు లేవలేదు వదినా. లోపల అంతమంది ముత్తైదువలు. గడప మీద పసుపు. తిరిగి బస్టాండుకు పోదామనుకున్నాను. నువ్వొచ్చి నా మణికట్టు పట్టుకుని, గోనెసంచిని లాగినట్టు లోపలికి లాగినావు. ఎవరేమనుకున్నారో నేను చూడలేదు. నాకు మీ నేల బండలే కనపడినాయి. నున్నగా ఉన్నాయి, జారి పడతానేమోనని భయమేసింది.

దండ చేతికిచ్చినావు. అప్పటికి మొగ్గలు విచ్చుకున్నాయి. ప్రమీల నా ముందు కూచుని తల వంచింది. నా చేతులు వణుకుతున్నాయి, పూలు రాలుతున్నాయి, సూది జడలో దిగడం లేదు. ఆ పిల్ల తల ఎత్తకుండానే, ఎవరికీ వినపడకుండా గుసగుసగా, "నిదానంగా పెట్టత్తా, బస్సుకు ఇంకా టైముండాది" అంది. నాకు నవ్వొచ్చింది. నవ్వితే వణుకు పోయింది. సూది దిగింది.

నువ్వేమో, పూలు పెట్టడానికి ఇంతసేపా, అత్తాకోడళ్లు ఏం మాట్లాడుకుంటున్నారని అడిగినావు. ఏం లేదన్నాను. ఉంది వదినా. ఆ పిల్ల ఇంకొక మాట చెప్పింది.

"అత్తా, నేను కట్టుకున్న ఈ చీర ఎవరు పెట్టినారో తెల్సా? మా అమ్మే. పోయిన దసరాకు తీసి, నా పెండ్లి మాటలకని పెట్టె అడుగున దాచింది. పోయిన శుక్రవారం నీ బుట్ట రాలేదని పొద్దుటి నుంచి వాకిట్లోకీ ఇంట్లోకీ తిరిగింది. పన్నెండైనాక నీ పాతబుట్ట తీసుకుని, చీర పెట్టి, పైన బజారు పూలు వేసి, అరుగు మీద పెట్టి లోపలికి వచ్చింది. వచ్చి నాతో, వీధిలో ఎవరో పిలిచినట్టుంది, పోయి చూడవే అనింది."

వదినా! అంత కోపం చేసినావే! పద్ధతి అన్నావు, పెద్దమనిషి రావాలి, మజ్జిగ తాగాలి, వానల గురించి మాట్లాడాలి అన్నావు! గరిటె పట్టుకుని ఇంట్లో అందరినీ అడిగినావు! నన్ను ఔనో కాదో రాయమని, నువ్వు నీ పెట్టెలో చీర తీసి ఔను పెట్టినావు. దేవునికే తెలియాలని కూడా రాసినావు. దేవునికి తెలిసింది, ప్రమీలకు తెలిసింది, ఇప్పుడు నాకు తెలిసింది. అన్నయ్యకు మాత్రం చెప్పను. చెప్తే ఆయన మళ్లీ మాట్లాడతాడు.

ఇందుకు నేను నవ్వలేదు వదినా. నీకు కూడా నాలాగే బెంగ ఉందని తెలిసి ధైర్యమొచ్చింది. నా ఒక్కదానికే ఉంటుందనుకునేదాన్ని.

ముహూర్తం జ్యేష్ఠంలో అన్నారు. అప్పటికి వానలు మొదలైతే పందిరి ఎట్లా? మొదలు కాకపోతే విత్తనం ఎట్లా? పద్మమ్మకు అప్పటికి పురుడు లేస్తుందా? అన్నిటికన్నా ముఖ్యం, పెండ్లి నాటికి మల్లె పూత అయిపోతుందేమో. ఈ పొద్దే పుల్లయ్య చేత చెట్లకు ఎరువు వేయించినాను. ఎక్కువ వేసినాడేమో అని భయంగా ఉంది. అయినా ఈసారి భయపడుతూ ఆశగానే ఉన్నాను.

ముందు వాకిలి నుంచి వచ్చిన నీ ఆడబిడ్డ,
నరసమ్మ

తా.క. నిన్న ఆఖరు బస్సు దిగి ఇంటికి రాగానే పుల్లయ్య కంచం పెట్టి, చెంబుతో నీళ్లు తెచ్చి, "చేతులు కడుక్కో మా" అన్నాడు. నేను రోజూ కోసేవి మొగ్గలు వదినా, వాటికి వాసన పట్టదు. అవి విచ్చుకునే వేళకు ఎవరో ఒకరి తలలో ఉంటాయి. నిన్న విచ్చుకున్న పూలు పట్టుకున్న చేతులు కదా, ముక్కు కాడ పెట్టుకుని చూసినాను, వాసన ఇంకా ఉంది. "ఈ పూట ఆకలి లేదులేరా" అన్నాను. మీ ఇంట్లో సిగ్గుపడి ఏమీ తినలేదు, నిజానికి కడుపు కాలిపోతోంది.